కంపెనీ పని కాలేజీ నేర్పాలా? బీఎస్సీ చదివే అమ్మాయి తండ్రికి నా సమాధానం

నమస్కారమండి. మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ముందు చెబుతాను. మీది నరసన్నపేట దగ్గర పల్లె. అమ్మాయి శ్రీకాకుళంలో బీఎస్సీ కెమిస్ట్రీ రెండో సంవత్సరం చదువుతోంది. పైడిభీమవరంలో మందుల కంపెనీలున్నాయి, పరవాడలో ఇంకా ఎక్కువున్నాయి. అక్కడి పని నేర్పకుండా కాలేజీలో థియరీ, తెలుగు, పర్యావరణం అంటూ మూడేళ్లు గడిపేస్తున్నారు, "ఈ చదువుకి ఏటి పని దొరుకుతాది" అన్నది మీ బాధ. యూనివర్సిటీలు ఉద్యోగానికి సరిపోయే శిక్షణ ఇవ్వాలా, అన్నిటికీ పనికొచ్చే జ్ఞానం ఇవ్వాలా అని అడిగారు.

సూటిగా చెబుతాను. సబ్జెక్టును పునాది నుంచి, చేత్తో చేయించి నేర్పడం యూనివర్సిటీ పని. ఒక కంపెనీకో ఒక మెషీన్‌కో మాత్రమే పనికొచ్చే శిక్షణ ఆ కంపెనీయే ఇవ్వాలి, డబ్బులిచ్చి మరీ ఇవ్వాలి. ఈ రెండోది కాలేజీల మీదికి నెట్టేస్తే నష్టపోయేది మీ అమ్మాయిలాంటి పిల్లలే. అలాగని ఇప్పుడు మన కాలేజీల్లో జరుగుతున్నదాన్ని నేను వెనకేసుకురావడం లేదు. దాని సంగతీ చెబుతాను.

నేను కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చేసి, రెండు దశాబ్దాలకు పైగా మందుల కంపెనీల క్వాలిటీ కంట్రోల్ ల్యాబుల్లో పనిచేశాను. ఎక్కువకాలం మన జిల్లాలోనే. ట్రైనీలను తీసుకునే ఇంటర్వ్యూల్లో కూర్చున్నాను. ఇప్పుడు ఒక డిగ్రీ కాలేజీలో పాఠాలు చెబుతున్నాను. కాబట్టి రెండు వైపులా నేను చూసిందే చెబుతున్నాను.

ల్యాబ్‌లో జరిగిన ఒక విషయం వివరంగా చెబితే నా మాట మీకు తేలిగ్గా అర్థమవుతుంది. బిళ్లలో మందు ఎంత ఉందో కొలవడానికి హెచ్‌పీఎల్‌సీ అనే మెషీన్ వాడతాం. సన్నటి స్టీలు గొట్టం గుండా ద్రవాన్ని ఒత్తిడితో పంపిస్తాం. గొట్టాన్ని కాలమ్ అంటాం, ద్రవాన్ని మొబైల్ ఫేజ్ అంటాం. ఒక్కో మందు కాలమ్ దాటి బయటికి రావడానికి ఇంత సమయం అని ఉంటుంది. మేం చూస్తున్న మందుకు అది సుమారు 9 నిమిషాలు. ఒకరోజు పొద్దున షిఫ్ట్‌లో అది 7 నిమిషాలకే వచ్చేసింది. బ్యాచ్ ఆగిపోయింది. ప్రొడక్షన్ వాళ్ల నుంచి ఫోన్ల మీద ఫోన్లు, ల్యాబ్ అంతా టెన్షన్.

అప్పుడు మా దగ్గర ఇద్దరు ట్రైనీలున్నారు. అబ్బాయి హైదరాబాద్ అమీర్‌పేటలో హెచ్‌పీఎల్‌సీ కోర్సు చేసొచ్చాడు. సాఫ్ట్‌వేర్ మీద చెయ్యి చకచకా నడిచేది. పంపు ఫ్లో చూశాడు, ఎక్కడైనా లీకవుతోందేమో చూశాడు, కాలమ్ మార్చి చూశాడు. అన్నీ చెయ్యాల్సిన పనులే. పీక్ (మందు బయటికొచ్చినప్పుడు గ్రాఫ్‌లో పైకి లేచే గీత) మాత్రం 7 నిమిషాల దగ్గరే వచ్చింది. కోర్సులో చెప్పినవి అన్నీ అయిపోయాక అతనికి దారి దొరకలేదు. అది అతని తెలివితక్కువతనం కాదు. అతనికి నేర్పింది అంతవరకే.

రెండో ట్రైనీ పాలకొండ వైపు అమ్మాయి. ప్రభుత్వ కాలేజీలో బీఎస్సీ చదివింది. ఉద్యోగంలో చేరేదాకా ఆ మెషీన్‌ను కంటితో కూడా చూడలేదు. ఆమె కంప్యూటర్ వైపు వెళ్లకుండా రిజిస్టర్ తీసి, రాత్రి షిఫ్ట్‌లో మొబైల్ ఫేజ్ ఎలా కలిపారో చదివింది. అసెటేట్ బఫర్, పీహెచ్ 4.5 అని ఉంది. పీహెచ్ అంటే ఆమ్లగుణం చెప్పే అంకె, తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ. బఫర్ అంటే కాస్త ఆమ్లం పడినా పీహెచ్ పెద్దగా కదలని ద్రావణం. "సార్, ఈ మందు పీకేఏ ఎంత?" అని అడిగింది. మందు అణువుల్లో సగం ఛార్జ్‌తో, సగం ఛార్జ్ లేకుండా ఉండే పీహెచ్‌ను పీకేఏ అంటాం. 4.8 అన్నాను. కాగితం మీద లెక్క వేసింది. మందు బలహీనమైన క్షారం. పీహెచ్ 4.5 దగ్గర అందులో సుమారు 33 శాతం ఛార్జ్ లేకుండా ఉంటుంది, ఆ భాగమే కాలమ్‌ను పట్టుకుని ఆలస్యంగా వస్తుంది. పీహెచ్ 4.3కి దిగితే ఆ భాగం 24 శాతానికి పడిపోతుంది. అంటే మందు తొందరగా బయటికొస్తుంది. "పీహెచ్ 0.2 తగ్గినా చాలు సార్, టైమ్ ఇలాగే మారుతుంది" అంది.

రాత్రి షిఫ్ట్ మనిషిని పిలిచి అడిగితే సంగతి తెలిసింది. పీహెచ్‌ను నీళ్ల బఫర్‌లో సరిచేసి, తర్వాత మెథనాల్ అనే ద్రావకం కలపాలి. అతను తొందరలో ముందు మెథనాల్ కలిపేసి, ఆ తర్వాత పీహెచ్ మీటర్‌లో 4.5 వచ్చేదాకా ఆమ్లం పోశాడు. మెథనాల్ కలిస్తే మీటర్ చూపించే అంకె పైకి జరుగుతుంది. దాన్ని కిందికి తేవడానికి పోసిన ఆమ్లం వల్ల మొబైల్ ఫేజ్ ఉండాల్సిన దానికంటే ఆమ్లంగా తయారైంది. మళ్లీ పద్ధతి ప్రకారం కలిపితే పీక్ తిన్నగా 9 నిమిషాల దగ్గరికి వచ్చింది.

ఆమె వాడింది హెండర్సన్-హాసెల్‌బాక్ సమీకరణం. పీహెచ్, పీకేఏ తెలిస్తే ఎంత భాగానికి ఛార్జ్ ఉందో చెప్పేది. పిల్లలు పరీక్ష కోసం బట్టీపట్టి, మర్నాడే మర్చిపోయే సమీకరణం అది. ఈమె ఎందుకు మర్చిపోలేదంటే, వాళ్ల కాలేజీలో ఒక మేడమ్ ప్రతి విద్యార్థి చేతా బఫర్ తయారు చేయించి, చుక్క చుక్క ఆమ్లం పోయిస్తూ "ఇంత పోసినా పీహెచ్ ఎందుకు కదలడం లేదో చెప్పు" అని నిలదీసేవారట. పాత గాజు సామాను, ఒకే ఒక్క పీహెచ్ మీటర్. ఆ కాలేజీకి హెచ్‌పీఎల్‌సీ కొనే స్తోమత లేదు, కొనకపోవడం వల్ల ఈ అమ్మాయికి ఏ లోటూ రాలేదు.

మెషీన్ మీద పని మేం ఆమెకు మూడు నాలుగు నెలల్లో నేర్పేశాం. ఏ కంపెనీ అయినా నేర్పగలదు, ఎందుకంటే మెషీన్ వాళ్ల దగ్గరే ఉంటుంది, దాని పద్ధతులూ వాళ్లవే. బఫర్ అంటే ఏమిటో, ఛార్జ్ ఉన్న అణువు ఎలా ప్రవర్తిస్తుందో ఏ కంపెనీ కూర్చోబెట్టి నేర్పదు. షిఫ్ట్‌లో అంత తీరిక ఎవరికీ ఉండదు. పద్దెనిమిది నుంచి ఇరవై ఒకటి మధ్య వయసులో, కాలేజీలో నేర్చుకోకపోతే ఆ అవకాశం మళ్లీ రావడం చాలా కష్టం.

"కనీసం వెంటనే ఉద్యోగమైనా వస్తుంది కదా" అంటారు, ఉద్యోగం కోసమే పెట్టిన కోర్సుల గురించి. మీరే గుర్తు చేసుకోండి. 2000 తర్వాత మెడికల్ ట్రాన్‌స్క్రిప్షన్ అని ఊరూరా బోర్డులు వెలిశాయి. అమెరికా డాక్టర్లు చెప్పింది విని టైప్ చేస్తే మంచి జీతమన్నారు. మాట విని తానే టైప్ చేసే సాఫ్ట్‌వేర్ వచ్చాక ఆ పని చాలామటుకు పోయింది. బయోటెక్నాలజీ మోజు వచ్చింది, పరిశ్రమ మాత్రం ఆ పిల్లలందరికీ సరిపడా రాలేదు. ఎంసీఏ సీట్ల కోసం కొట్టుకున్న రోజులున్నాయి, తర్వాత సీట్లు ఖాళీగా మిగిలిన రోజులూ వచ్చాయి. మార్కెట్‌లో ఒక పనికి గిరాకీ ఉందని తెలిసి, సిలబస్ రాసి, సిలబస్ ఖరారు చేసే బోర్డ్ ఆఫ్ స్టడీస్‌లో ఆమోదం పొంది, మొదటి బ్యాచ్ బయటికి వచ్చేసరికి నాలుగైదేళ్లు పడుతుంది. అప్పటికి ఆ పని అలాగే ఉంటుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. ఆ పిల్లవాడు మాత్రం ఇంకో ముప్పై అయిదేళ్లు పనిచేసి బతకాలి.

ఇప్పుడు మీ వైపు మాట్లాడతాను, ఎందుకంటే మీ కోపం న్యాయమైనది. యూనివర్సిటీ జ్ఞానం ఇస్తుంది అని నేను గట్టిగా అంటున్నాను గానీ, చాలా కాలేజీల్లో ఇస్తున్నది జ్ఞానం కాదు. పరీక్షకు నెల ముందు గైడు కొంటారు. ముఖ్యమైన ప్రశ్నలకు టిక్కులు పెట్టుకుంటారు. ప్రాక్టికల్ రికార్డు సీనియర్ల దగ్గర తెచ్చుకుని కాపీ చేస్తారు, రీడింగులతో సహా. ఇంటర్వ్యూలో ఒకసారి నేను బ్యూరెట్ (కొలత గీతలున్న గాజు గొట్టం) ఇచ్చి ఎన్ని మిల్లీలీటర్లుందో చదవమంటే, ఫస్ట్ క్లాసులో పాసైన అబ్బాయి చేతులు వణికాయి. బ్యూరెట్ మీద అంకెలు పైనుంచి కిందికి పెరుగుతాయని అతను గమనించనే లేదు. మూడేళ్ల బీఎస్సీ తర్వాత! ఆ అబ్బాయి తల్లి పలాసలో జీడిపప్పు ఒలిచే పనికి వెళ్లి చదివించిందని తర్వాత మాటల్లో తెలిసింది. ఆమె కొడుక్కి ఆ కాలేజీ అటు ఉద్యోగం చూపించలేదు, ఇటు చదువూ చెప్పలేదు. ఇలాంటి చోట "మేం జ్ఞానం పంచుతున్నాం, ఉద్యోగాలు మా బాధ్యత కాదు" అనే మాట అనడానికి ఎవరికీ హక్కు లేదు.

కాబట్టి అసలు తగువు ఉద్యోగ శిక్షణకూ జ్ఞానానికీ మధ్య కాదు. చేత్తో చేసి, ఎందుకని అడిగి నేర్చుకున్న చదువు ఒకటి. కాగితం మీద మాత్రమే జరిగిన చదువు ఇంకొకటి. కాగితం చదువు ఏ పేరుతో వచ్చినా దండగే. ఉద్యోగ శిక్షణ పేరుతో వచ్చినా దండగే. మన రాష్ట్రంలో 2020-21 నుంచి మూడేళ్ల డిగ్రీలో పది నెలల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేశారు. మొదటి సంవత్సరం తర్వాత రెండు నెలలు కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు, రెండో సంవత్సరం తర్వాత రెండు నెలలు, చివర్లో ఒక సెమిస్టర్ పూర్తిగా, అంటే ఆరు నెలలు. మంచి ఆలోచనే. కానీ మన జిల్లాలో డిగ్రీ చదివే పిల్లలందరికీ నిజంగా పని నేర్పే చోట్లు ఎన్ని ఉన్నాయి? చోటు దొరకనివాళ్లు ఎక్కడో సర్టిఫికెట్ సంపాదించి జతచేస్తున్నారు. ఆ ఆరు నెలలు వాళ్లకు చదువూ లేదు, పనీ లేదు.

ఇదే పథకాన్ని మన నేల మీద ఎంత బాగా వాడుకోవచ్చో చెబుతాను. ఉద్దానంలో, అంటే కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో, కిడ్నీ జబ్బుతో కుటుంబాలకు కుటుంబాలే చితికిపోయాయి. ఎన్నో బృందాలు వచ్చి పరిశోధించాయి. కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. నీళ్లలో సిలికా, ఫ్లోరైడ్, పురుగుమందులు, ఎండలో పని, వంశపారంపర్యం, ఇలా అనుమానాలు చాలా ఉన్నాయి. కెమిస్ట్రీ పిల్లలు కమ్యూనిటీ సర్వీస్ రెండు నెలలూ ఒక ఊరి బావులు, బోర్ల నీళ్లు తెచ్చి పరీక్షిస్తే ఎలా ఉంటుందో ఆలోచించండి. కాఠిన్యం, అంటే నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎంతున్నాయో, కొలవడానికి ఈడీటీఏ టైట్రేషన్ చాలు, అంటే ఈడీటీఏ అనే రసాయనాన్ని చుక్క చుక్క పోస్తూ ఎంత పట్టిందో చూడడం. ఇండికేటర్ (రంగు మారే పదార్థం) వేస్తే ఎర్రగా మారిన నీళ్లు చివరి చుక్కకు నీలంగా తిరుగుతాయి, ఆ చుక్క దగ్గర ఆపడం చేతికి అలవాటు కావాలి. తాగే నీళ్లకు కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటకూడదు, వేరే నీళ్లు లేకపోతే 600 దాకా పర్వాలేదు అని మన దేశ ప్రమాణం. ఫ్లోరైడ్‌కు ఈ రెండు పరిమితులు లీటరుకు 1, 1.5 మిల్లీగ్రాములు.

ఈ పని చేసిన అమ్మాయి ఏం నేర్చుకుంటుంది? నమూనా సీసా మీద ఊరు, తేదీ, సమయం రాయడం, రాయకపోతే ఆ సీసా ఎందుకూ కొరగాదని తెలుసుకోవడం. ఒకే నీటికి మూడుసార్లు చేసి మూడు విలువలూ రాయడం, నచ్చని విలువను కొట్టేయకుండా ఉండడం. పక్కపక్క బోర్లలో విలువలు ఎందుకు వేరుగా ఉన్నాయో తెలియాలంటే జియాలజీ వాళ్లను అడగాలి, సగటు తీయాలంటే స్టాటిస్టిక్స్ కావాలి, ఫలితం ఊళ్లో చెప్పాలంటే భయపెట్టకుండా తేట తెలుగులో మాట్లాడడం రావాలి. ఇదంతా సాధారణ జ్ఞానమే. పైడిభీమవరంలో ఏ క్వాలిటీ ల్యాబ్‌కి వెళ్లినా మొదటిరోజు అడిగేదీ ఇదే. మందుల కంపెనీలో తప్పుడు లెక్క రాసినవాడికి చోటుండదు, రాసింది దిద్దినవాడికి అసలే ఉండదు. ఆ నిజాయితీ, ఆ చేతి నైపుణ్యం ఉద్దానం నీళ్ల మీద నేర్చుకున్నా సరిపోతుంది. ఇలాంటి పనికి కాలేజీకి అయ్యే ఖర్చు కూడా పెద్దది కాదు. కావలసింది పిల్లలతో పాటు ఎండలో తిరిగే అధ్యాపకులు. మన కాలేజీల్లో ఏళ్ల తరబడి ఖాళీగా ఉన్న పోస్టులు నింపకుండా, గెస్ట్ లెక్చరర్లకు గంటల లెక్కన చెల్లిస్తూ ఈ పని జరగాలంటే జరగదు.

తెలుగు, పర్యావరణం ఎందుకన్నారు కదా. ల్యాబ్‌లో తప్పు జరిగితే ఏం జరిగింది, ఎలా తెలిసింది, మళ్లీ జరగకుండా ఏం చేశాం అని రిపోర్టు రాయాలి. ఇంగ్లిష్‌లోనే రాయాలి. కానీ నేను చూసినంతలో, సంగతిని వరుసగా తెలుగులో చెప్పలేనివాళ్లు ఇంగ్లిష్‌లోనూ చెప్పలేరు. ఆ పాలకొండ అమ్మాయి ముందు తెలుగులో చిత్తుప్రతి రాసుకునేది. మొదట్లో ఆమె ఇంగ్లిష్‌లో తప్పులుండేవి, వాటిని దిద్దడం ఒక్క నిమిషం పని. ఆలోచనలో వరుస లేని రిపోర్టును దిద్దడం ఎవరి వల్లా కాదు.

పర్యావరణం సంగతికి సోంపేట బీల భూములు గుర్తు చేసుకోండి. అక్కడ థర్మల్ పవర్ ప్లాంటుకు అనుమతి ఇచ్చినప్పుడు, అది దేనికీ పనికిరాని నేల అన్నారు. స్థానికులు, వాళ్లకు తోడుగా డాక్టర్లు, చదువుకున్నవాళ్లు కలిసి అది నీళ్లు నిలిచే భూమి అని, వ్యవసాయం, చేపలవేట దాని మీదే బతుకుతున్నాయని ఆధారాలతో వాదించారు. 2010 జులై 14న పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. అదే రోజు జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ అనుమతిని రద్దు చేసింది. పర్యావరణ ప్రభావ నివేదికలో ఏం రాశారో చదివి, అందులో తప్పు పట్టుకోగలిగే మనుషులు ప్రతి మండలంలో ఉండాలి. మీ అమ్మాయి కంపెనీలో ఉద్యోగం చేసినా ఈ జిల్లా నీళ్లే తాగుతుంది. ఆ నీళ్ల గురించి అడిగే శక్తి ఆమెకు డిగ్రీ ఇవ్వకపోతే ఇంకెవరిస్తారు?

ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్‌గా పనిచేసిన సర్వేపల్లి రాధాకృష్ణన్ అధ్యక్షతన 1948-49లో విశ్వవిద్యాలయ విద్యా కమిషన్ వేశారు. ఏ కోర్సు చదివే విద్యార్థికైనా సాధారణ విద్య ఉండాలని అప్పుడే సిఫార్సు చేశారు. 2020 జాతీయ విద్యావిధానం కూడా పలు సబ్జెక్టులు కలిపి చదవాలనే అంటోంది. మన దగ్గర మాత్రం 2023-24లో మూడు సబ్జెక్టుల బీఎస్సీ తీసేసి ఒకే మేజర్ (ఒకే ముఖ్య సబ్జెక్టు) పద్ధతి పెట్టారు. పాత ఎంపీసీ బీఎస్సీలో కెమిస్ట్రీతో పాటు లెక్కలు, ఫిజిక్స్ సమానంగా చదివేవారు. పైన చెప్పిన 33 శాతం, 24 శాతం లెక్కకు లాగరిథమ్ కావాలి. కెమిస్ట్రీ మేజర్ పేరుతో లెక్కలు వదిలేసిన పిల్లలు ఆ లెక్క దగ్గరే ఆగిపోతారని నా భయం.

చేతి పని తక్కువ, పుస్తకం ఎక్కువ అనే లెక్క నాకు లేదు. విజయనగరం సంగీత కళాశాల 1919లో మొదలైంది. ఆదిభట్ల నారాయణదాసు మొదటి ప్రిన్సిపాల్, ద్వారం వెంకటస్వామి నాయుడు వయొలిన్ నేర్పారు. అది పూర్తిగా ఒక విద్యకు అంకితమైన శిక్షణే, అంతకంటే గొప్ప చదువు ఉందని నేను అనను. ఐటీఐలో ఫిట్టర్, పాలిటెక్నిక్‌లో డిప్లొమా చదివేవాళ్లకు ఉద్యోగ శిక్షణే ముఖ్యం, అవి ఉన్నదే అందుకు. మీ ఇంట్లో ఇంకో పిల్లవాడు త్వరగా సంపాదనలో పడాలంటే నేను పాలిటెక్నిక్ అనే చెబుతాను, చిన్నచూపుతో కాదు. యూనివర్సిటీలనే పెద్ద ఐటీఐలుగా మార్చాలనుకోవడం దగ్గరే నా అభ్యంతరం. అప్పుడు ఐటీఐ చేసే పని వాటికీ రాదు, యూనివర్సిటీ చెయ్యాల్సిన పని ఎవరూ చెయ్యరు.

కంపెనీలు "రెడీగా ఉన్న మనుషులు కావాలి" అంటే నాకు ఒప్పుకోబుద్ధి కాదు. అప్రెంటిస్ చట్టం 1961 నుంచి ఉంది. 2014 సవరణతో ఇంజినీరింగ్ కాని డిగ్రీలు చదివినవాళ్లు కూడా దాని కిందికి వచ్చారు. స్టైపెండ్ ఇచ్చి, తమ మెషీన్ల మీద తామే నేర్పుకోవడానికి దారి ఉంది. ఆ ఖర్చును తల్లిదండ్రుల మీదికి, అమీర్‌పేట కోర్సు ఫీజుల మీదికి తోసేయడం సరికాదు.

మీ అమ్మాయి విషయానికొస్తే, ఇప్పుడే ఏ హెచ్‌పీఎల్‌సీ కోర్సుకూ డబ్బు కట్టకండి. ఈ ఏడాది ల్యాబ్‌లో ప్రతి ప్రయోగం తన చేత్తో చెయ్యమనండి, నలుగురి గ్రూపులో వెనక నిలబడవద్దని చెప్పండి. రికార్డు ఎవరి దగ్గరా కాపీ చేయనివ్వకండి, తప్పు రీడింగ్ వచ్చినా తనదే రాయమనండి. లాగరిథమ్, సగటు, ప్రామాణిక విచలనం (విలువలు సగటుకు ఎంత అటూ ఇటూగా ఉన్నాయో చెప్పే లెక్క) ఈ సెలవుల్లో గట్టిగా నేర్చుకోవాలి. వేసవి ఇంటర్న్‌షిప్‌కు పెద్ద పేరున్న చోటే కావాలని పట్టుపట్టకండి. నీటి పరీక్షల ల్యాబ్, పాల కేంద్రం, మట్టి పరీక్షల కేంద్రం ఏదైనా మంచిదే, తన చేతికి పని ఇస్తే చాలు. రోజూ ఏం చేసిందో, ఎక్కడ తేడా వచ్చిందో, ఎందుకు వచ్చిందనుకుందో ఒక నోట్‌బుక్‌లో తేదీ వేసి రాయమనండి. ఇంటర్వ్యూకి వెళ్లేటప్పుడు సర్టిఫికెట్ల ఫైలుతో పాటు ఆ నోట్‌బుక్కూ తీసుకెళ్లమనండి. నేను కూర్చున్న ఇంటర్వ్యూల్లో అలాంటిది తెచ్చినవాళ్లను మిగతా ప్రశ్నలు పెద్దగా అడగాల్సిన అవసరం రాలేదు.